మలుపుకు ముందే



పంట డబ్బులు చేతికందిన నెలల్లో మన పల్లెలకు కొత్త మోటారు సైకిళ్లు వస్తాయి. బండి ఇంటి ముందుకు వచ్చిన రోజున ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు. రంగు చూస్తారు, మైలేజీ ఎంత అని అడుగుతారు, వాయిదాలు ఎన్ని నెలలో లెక్క వేసుకుంటారు. దానిని నడపబోయే కుర్రవాడు మలుపులో బండి తిప్పడం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు అని మాత్రము ఎవరూ అడగరు. అడిగినా జవాబు మనకు తెలిసినదే. అన్నయ్య బండి మీదనో, బాబాయి బండి మీదనో, కాలువ గట్టున నాలుగు రోజులు తిప్పి నేర్చుకున్నాడు. క్లచ్చి వదలడము, గేరు మార్చడము, పడిపోకుండా ఆపడము వస్తే బండి వచ్చేసినట్లే లెక్క.

ఈ నెల ఈ పేజీలో మలుపుల గురించి వ్రాస్తున్నాము. తిన్నని రోడ్డు మీద బండి దాదాపు తనంతట తానే పోతుంది. నడిపేవానికి ఏమి తెలుసో, ఏమి తెలియదో బయటపడేది మలుపులోనే.

2022వ సంవత్సరములో మన దేశములో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వము లెక్క చెప్పింది. వారిలో నూటికి సుమారు 44 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. వీరందరూ మలుపుల దగ్గరే పోయారని మేము అనడము లేదు. అయితే ఇతరుల తప్పు ఏమీ లేకుండా, ఎదుట ఏ వాహనమూ లేకుండా, బండి ఒక్కటే పడిపోయిన సంగతులు మన ఊళ్లలో తరచుగా వింటూనే ఉన్నాము. “బండి అదుపు తప్పింది” అని పత్రికలో ఒక్క ముక్క వ్రాస్తారు. ఎందుకు తప్పింది అన్నది ఎవరూ వ్రాయరు.

ఆ ‘ఎందుకు’ను ఓపికగా వెదికినవారు ఒకరున్నారు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ అనే ఆచార్యుడు 1976, 1977 సంవత్సరాలలో లాస్ ఏంజెలస్ ప్రాంతములో తన బృందముతో కలిసి 900 మోటారు సైకిలు ప్రమాదాలను, జరిగిన చోటికే వెళ్లి పరిశీలించాడు. నివేదిక 1981లో వెలువడింది. ఆ ప్రమాదాలలో చిక్కుకున్నవారిలో నూటికి 92 మంది బండి నడపడము సొంతగా నేర్చుకున్నవారో, ఇంటివారి దగ్గర, స్నేహితుల దగ్గర నేర్చుకున్నవారో! బండి ఒక్కటే పడిన ప్రమాదాలలో మూడింట రెండు వంతులు నడిపేవాని పొరపాటు వల్ల జరిగినవే. ఆ పొరపాట్లు ముఖ్యముగా రెండు. ఒకటి, బ్రేకు అతిగా నొక్కి జారిపోవడము. రెండవది, ఎక్కువ వేగముతో మలుపులోకి వచ్చి, తగినంతగా తిప్పలేక రోడ్డు బయటికి పోవడము. ప్రమాదము తప్పించుకోవడానికి వారికి దొరికిన సమయము సగటున రెండు సెకన్లు కూడా లేదు. అది వేరే దేశము, వేరే బండ్లు, ఏళ్లు కూడా చాలా గడిచాయి. అయినా కాలువ గట్టున నేర్చుకున్న మన పిల్లవాడు ఆ 92 మందిలో ఒకడిలాగే కనిపిస్తాడు.

మలుపులో ఏమి జరుగుతుందో కొంచెము చూద్దాము. కాలువ వంతెన దగ్గర రోడ్డు గిర్రున తిరిగే చోటు మీ ఊరిలోనూ ఉండే ఉంటుంది. ఆ వంపును పూర్తి వలయముగా గీస్తే కేంద్రము నుండి అంచుకు 30 మీటర్లు ఉందనుకోండి. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో తిరిగితే బండి సుమారు 19 డిగ్రీలు వాలాలి. ఇది ఎవరికైనా చేతనైన పనే. అదే మలుపులో 54 కిలోమీటర్ల వేగముతో వస్తే బండి 37 డిగ్రీలు వాలాలి. వేగము ఒకటిన్నర రెట్లు పెరిగింది, టైరు రోడ్డును పట్టుకోవలసిన బలము రెండుంబావు రెట్లు పెరిగింది. ఇంత వాలు చాలామంది తమ జన్మలో ఎన్నడూ బండిని వాల్చి ఎరుగరు. అందుచేత ఆ క్షణములో భయపడతారు. భయపడినవాడు చేసే పనులు మూడు: బ్రేకు పట్టుకుంటాడు, బండిని నిటారుగా లేపుతాడు, పడబోయే కాలువ వైపే చూస్తాడు. మూడూ కలిసి అతనిని ఆ కాలువలోకే తీసుకుపోతాయి.

మలుపులో ముందు బ్రేకు గట్టిగా నొక్కితే వాలిన బండి లేచి తిన్నగా పోవాలని చూస్తుంది. వెనుక బ్రేకు తొక్కితే వెనుక చక్రము జారుతుంది. టైరుకు ఉన్న పట్టు ఒక్కటే. దానిలో కొంత తిరగడానికి ఖర్చవుతుంటే బ్రేకుకు మిగిలేది తక్కువే. 2019 ఏప్రిల్ నుండి అమ్ముతున్న బండ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్, అంతకు లోపువాటికి కనీసము కాంబీ బ్రేకు ఉండాలని నిబంధన ఉంది. అవి మంచివే. కాని లేని పట్టును అవి తెచ్చిపెట్టలేవు, కాలువ మలుపును వెడల్పు చేయలేవు.

కాబట్టి పని అంతా మలుపుకు ముందే ముగించుకోవాలి. బండి తిన్నగా ఉండగానే రెండు బ్రేకులూ కలిపి మెత్తగా నొక్కి వేగము తగ్గించాలి. అవసరమైతే గేరు కూడా అప్పుడే దించాలి. ఆ తరువాత మలుపు చివర ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడికి చూడాలి. కళ్లు మాత్రమే కాక, గడ్డముతో సహా తల అటు తిరగాలి. అప్పుడు బండిని వాల్చాలి. యాక్సిలరేటరు ఒక్కసారిగా వదిలేయకుండా, కొద్దిగా పట్టి సమముగా ఉంచాలి. బండి లేచి తిన్నగా అవుతున్నప్పుడు మాత్రమే వేగము పెంచాలి. అమెరికాలో 1973 నుండి నడుస్తున్న మోటారు సైకిలు భద్రతా సంస్థ కొత్తవారికి నేర్పేది కూడా ఈ వరుసే. నెమ్మదించు, చూడు, నెట్టు, సమముగా పోనివ్వు.

‘నెట్టు’ అన్న మాట దగ్గర పాఠకులు ఆగవచ్చు. అందరూ మలుపు వైపు హ్యాండిలు తిప్పుతాము అనుకుంటారు. నడక వేగములో అది నిజమే. బండి గంటకు ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్లు దాటిన తరువాత సంగతి వేరు. ఎడమకు తిరగాలంటే ఎడమ పిడిని మెల్లగా ముందుకు నెట్టాలి. ముందు చక్రము క్షణకాలము కుడికి తిరుగుతుంది, బండి ఎడమకు వాలుతుంది, వాలిన వైపుకు తిరుగుతుంది. కుడికైతే కుడి పిడి. సైకిలు తొక్కేవారందరూ తెలియకుండానే చేస్తున్న పని ఇది. విమానము కనిపెట్టిన రైటు సోదరులు మొదట సైకిళ్ల వ్యాపారము చేసినవారు. వారిలో పెద్దవాడు విల్బర్, ఎడమకు ఎలా తిరుగుతారో చెప్పమని ఎందరినో అడిగాడట. మొదటిసారే సరిగా చెప్పినవారు ఒక్కరూ లేరట. 1980లో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూలు ప్రారంభించిన కీత్ కోడ్ అనే శిక్షకుడు దీనిని చూపడానికి ఒక బండికి రెండవ జత పిడులు కదలకుండా బిగించాడు. వాటిని పట్టుకుని ఒళ్లు ఎంత ఒంచినా బండి కాస్త పక్కకు జరగడమే గాని మలుపు తిరగదు. తిప్పేది చేతులు.

ఇది తెలిసి చేసేవానికి, తెలియక చేసేవానికి తేడా ఏమిటి? మలుపు అనుకున్నదానికంటే బిగువుగా ఉన్నప్పుడు తెలియనివాడు బిగుసుకుపోతాడు. తెలిసినవాడు లోపలి పిడిని ఇంకొంచెము నెడతాడు. బండి ఇంకొంచెము వాలి తిరుగుతుంది. మన చిన్న బండ్లకు చాలా మలుపులలో ఆ అవకాశము మిగిలే ఉంటుంది. దానిని వాడుకోకముందే ఆశ వదులుకోవడము వలన పోయిన ప్రాణాలు కొన్ని ఉన్నాయని మా అభిప్రాయము.

ఇక మన రోడ్ల సంగతి. విదేశీ పాఠాలు చెప్పేవారికి మన రోడ్డు మీద ఏముంటుందో తెలియదు. కోతల కాలములో సగము రోడ్డు మీద వడ్లు, మొక్కజొన్నలు ఆరబోసి ఉంటాయి. దమ్ము చేసి పొలములోంచి ఎక్కిన ట్రాక్టరు చక్రాలకు అంటిన బురద తారు మీద గడ్డలుగా రాలుతుంది. క్వారీ లారీలు కంకర చిప్పలు జారవిడిచేది సరిగ్గా మలుపులోనే, ఎందుకంటే లారీ ఒరిగేది అక్కడే. పేడ, చెరకు ఆకు, ఎడ్ల బండి నుండి పడ్డ గడ్డి, మొదటి వాన పడగానే తారు మీద తేలే నూనె జిడ్డు, ఇవన్నీ టైరు పట్టును తినేస్తాయి. పొడి తారు మీద 36 కిలోమీటర్ల వేగము సుళువైన మలుపే, ఇసుక పడి ఉంటే అదే వేగము ఎక్కువైపోవచ్చు. మలుపు అవతల ఏముందో కనబడనప్పుడు, కనబడినంత మేర లోపల ఆగగలిగిన వేగముతోనే వెళ్లాలి. వడ్లు ఆరబోసే రైతు సోదరులకు కూడా ఒక మాట. తిన్నని రోడ్డు మీద ఆరబోయడమే తప్పు, మలుపులో ఆరబోస్తే అది ఎవరో ఒకరి బిడ్డకు వేసిన ఉచ్చు.

మనము రోడ్డుకు ఎడమ వైపున పోతాము గనుక రెండు మలుపులూ ఒకటి కావు. ఎడమ మలుపులో వేగము ఎక్కువైతే బండి కుడికి కొట్టుకుపోయి ఎదురు వచ్చే బస్సు ముందుకు చేరుతుంది. కుడి మలుపులో రోడ్డు దిగి గోతిలో పడుతుంది. కుడి మలుపులో ఇంకొక ప్రమాదమున్నది. చక్రాలు మన సగములోనే ఉన్నా, వాలినప్పుడు తల, భుజము మధ్య గీత దాటి అవతలికి వెళతాయి. అందుచేత కుడి మలుపులో గీతకు బాగా ఎడముగా ఉండాలి. ఇక సైడు స్టాండు. దానిని ఎత్తకుండా బయలుదేరినవానికి మొదటి ఎడమ మలుపులోనే అది నేలకు తగిలి బండిని ఎత్తి పడేయగలదు.

అనంతగిరి మీదుగా అరకు వెళ్లే దారిలో, మారేడుమిల్లి నుండి చింతూరు దిగే దారిలో, దోర్నాల నుండి శ్రీశైలము ఎక్కే దారిలో తిరిగే పాఠకులు మనకు ఉన్నారు. ఘాటు దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో జారవిడిచే అలవాటు చాలామందికి ఉంది. మిగిలేది కొద్ది రూపాయల పెట్రోలు. పోయేది ఇంజను పట్టు. ఇంజను ఆపక పట్టు తప్పితే బరువంతా బ్రేకుల మీద పడుతుంది, వేడెక్కిన బ్రేకులు మెత్తబడతాయి. ఏ గేరులో ఎక్కగలమో సుమారు ఆ గేరులోనే దిగాలి. పెద్ద వంపుల్లో బస్సుకు రోడ్డంతా కావాలి. ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలని నిబంధన ఉంది. మలుపుకు ముందు ఆగి బస్సును పోనిస్తే అర నిముషము పడుతుంది.

వెనుక కూర్చునే అక్కచెల్లెళ్లకు, అమ్మలకు కూడా ఈ మాటలు అవసరమే. రెండు కాళ్లూ ఎడమ వైపు వేసి కూర్చున్నప్పుడు బరువు ఒక పక్కకు ఉంటుంది, మలుపులో పట్టుకోవడానికి ఆధారము తక్కువ. రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవడము క్షేమము. చీరలో అది కుదరదు అంటే కనీసము ఫుట్‌రెస్టు మీద పాదము ఆనించి, పిడి పట్టుకుని, కొంగు, చున్నీ నడుములో గట్టిగా దోపుకోవాలి. వెనుక చక్రములో సగానికి తగ్గకుండా కప్పే చీర గార్డు, చేతి పిడి, ఫుట్‌రెస్టు ఉండాలని 1989 నాటి మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. అందానికి అడ్డమని చీర గార్డు విప్పించే కుర్రవాళ్లను ఇంట్లోవారే ఆపాలి. బండి వాలినప్పుడు భయపడి అవతలికి ఒరగకూడదు. నడిపేవారి వీపుతోపాటే, ఒంటిని వారితో ఒక్కటిగా ఉంచాలి. బియ్యపు బస్తా, పాల క్యాన్లు కట్టినప్పుడు సంగతి ఇంకా గట్టిది. సగము నిండిన క్యానులో పాలు మలుపులో ఒక పక్కకు కొట్టుకుని బండిని తోస్తాయి. క్యాను అడుగు నేలకు తగిలినా పడిపోయినట్లే.

ఆదివారము ఉదయము తండ్రి, తల్లి, టాంకు మీద చిన్నది, మధ్యలో పెద్దది, ఇలా నలుగురు ఒక బండి మీద ఆరాధనకు రావడము మేము చూస్తూనే ఉన్నాము. చట్టము నడిపేవారికి తోడు ఒక్కరినే అనుమతిస్తుంది. చట్టము సంగతి అటుంచినా, టాంకు మీద బిడ్డ కూర్చుంటే హ్యాండిలు పూర్తిగా తిరగదు. మలుపులో చేతికి ఆ బిడ్డ మోకాలు అడ్డము వస్తుంది. రెండు సార్లు తిరిగి తీసుకురండి, లేదా ఆటో ఎక్కండి. ఆరాధనకు పది నిముషాలు ఆలస్యమైతే ఎవరూ ఏమీ అనరు.

ఒంటి మీద వేసుకునేవాటి గురించి ఇప్పుడు చెబుతాము. దెబ్బ తగలకుండా హెల్మెట్ కాపాడుతుందని అందరికీ తెలుసు. 2022లో హెల్మెట్ లేనందున చనిపోయినవారు 50,029 మంది, వారిలో వెనుక కూర్చున్నవారే 14,337 మంది. సరిగా అమరని హెల్మెట్ మలుపునే పాడు చేస్తుందని మాత్రము తక్కువమందికి తెలుసు. మలుపు చివరికి చూడాలంటే తల తిప్పాలి అన్నాము గదా! హెల్మెట్ వదులుగా ఉంటే తల తిరుగుతుంది, హెల్మెట్ అక్కడే ఉండిపోతుంది. చూడవలసిన వైపు కంటికి దాని అంచు అడ్డము వస్తుంది. గాలికి పైకి లేస్తే ఒక చెయ్యి దానిని సర్దడానికే పోతుంది. మరీ బిగువైతే నుదురు నొప్పి పుట్టి, పది కిలోమీటర్లకే విప్పి మోచేతికి తగిలించుకుంటారు.

అంగడికి వెళ్లేటప్పుడు దర్జీ టేపు వెంట తీసుకుపోండి. కనుబొమలకు ఒక వేలెడు పైన, తల చుట్టూ కొలవండి. ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో అంగడివానికి చెప్పి ఆ సైజు అడగండి. పెట్టుకున్నప్పుడు బుగ్గలు కొంచెము నొక్కినట్లుండాలి. పట్టీ బిగించి, గడ్డము కింద రెండు వేళ్లు దూరేంత సందు ఉంచండి. తరువాత హెల్మెట్‌ను చేతులతో పట్టి ఎడమకూ కుడికీ తిప్పి చూడండి. దానితోపాటు చెంప చర్మము కూడా కదలాలి. వెనుక అంచు పట్టుకుని ముందుకు ఎత్తితే ఊడి రాకూడదు. లోపల ఐ.ఎస్. 4151 అన్న సంఖ్య, ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నాయా చూడండి. ముద్ర లేనివి అమ్మరాదని 2021 జూన్ 1 నుండి నియమము ఉన్నది. రోడ్డు పక్కన గుట్టగా పోసి అమ్మేవి పోలీసు కంటికే గాని తలకు పనికిరావు. పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి తెల్లని పొర నలిగిపోయి ఉంటుంది, దానిని మార్చవలసిందే. నాన్నగారి హెల్మెట్ కొడుకుకు, కొడుకుది చెల్లెలికి సరిపోతుందనుకోవద్దు. తొమ్మిది నెలల నుండి నాలుగేళ్లలోపు బిడ్డలకు కూడా తగిన హెల్మెట్, నడిపేవారికి కట్టే పట్టీ ఉండాలని, అటువంటప్పుడు వేగము 40 కిలోమీటర్లు దాటరాదని 2022లో నియమము చేశారు.

చేతి తొడుగులు పెద్దవైతే వేలి చివర్లు మడతపడి బ్రేకు పిడి మీద స్పర్శ తెలియదు. బిగువైతే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. పిడికిలి మూసినప్పుడు అరచేతిలో ముడతలు పోగుపడనిది తీసుకోండి. మోచేతి గార్డు, మోకాలి గార్డు కొనేవారు బండి మీద కూర్చున్నట్లు మోకాలు వంచి చూసుకోవాలి. నిలబడినప్పుడు సరిగ్గా ఉన్నది, కూర్చున్నప్పుడు పైకి జరిగితే పడిన రోజున ఎముక మీద ఉండదు. ఇవన్నీ కొనే స్థోమత అందరికీ లేదని మాకు తెలుసు. బూట్లకు మాత్రము సాకు చెప్పవద్దు. హవాయి చెప్పు మలుపుకు ముందు గేరు దించబోయే సమయానికే జారుతుంది. బడికి కొన్న పాత బూట్లైనా చాలు, లేసులు లోపలికి దోపుకుంటే చాలు.

నేర్పడము ఎలా? లైసెన్సు పరీక్షలో 8 అంకె ఆకారములో తిప్పమంటారు. అది నెమ్మదిగా బండిని నిలబెట్టుకోగలడా అన్నదే చూస్తుంది. మలుపు నేర్చుకోవడానికి శిక్షణ పాఠశాల అందుబాటులో ఉన్నవారు తప్పక పంపండి. లేనిచోట, మార్కెట్ యార్డులోని సిమెంటు కళ్లము గాని, సెలవు రోజున బడి ఆవరణ గాని, అనుమతి తీసుకుని వాడుకోవచ్చు. నేల పొడిగా, గట్టిగా, ఇసుక లేకుండా ఉండాలి. లైసెన్సు, హెల్మెట్, బూట్లు ఉన్నవాడే ఎక్కాలి. పక్కన అనుభవమున్న పెద్ద ఒకరు ఉండాలి. గంట చాలు, అలసిన తరువాత నేర్చినది మనసుకు పట్టదు.

మొదటి రోజు మలుపు వద్దు. తిన్నగా పోయి, ముగ్గు పిండితో గీసిన గీత దగ్గర రెండు బ్రేకులతో, జారకుండా ఆగడము నేర్పండి. ఇది రానివానికి తక్కినది నేర్పి ప్రయోజనము లేదు. రెండవ రోజు, స్థలము చాలా ఉంటేనే, తిన్నగా ముప్ఫై కిలోమీటర్ల వేగములో పోతూ ఎడమ పిడిని, కుడి పిడిని వేలి ఒత్తిడంత మెల్లగా నెట్టి, బండి అటు వాలడము గమనించమనండి. చాలామంది ముఖము ఆశ్చర్యముతో వెలిగేది అప్పుడే. మూడవ రోజున పది మీటర్ల తాడు మేకుకు కట్టి ముగ్గుతో పెద్ద వలయము గీయండి. ఆ గీత వెంట గంటకు ఇరవై కిలోమీటర్లకు మించకుండా తిరగమనండి. తల ఎప్పుడూ వలయములో ఎదుటి అంచు వైపు తిరిగి ఉండాలి. పెద్దవారు మధ్యలో నిలబడి వేళ్లు చూపుతూ ఎన్ని అని అడగాలి. జవాబు చెప్పలేకపోతే అతడు చక్రము ముందు నేలను చూస్తున్నాడన్న మాట. ఎడమకు పది చుట్లు తిరిగితే కుడికి పదిహేను తిరగాలి, ఎందుకంటే కుడికి తిరగడానికి చాలామంది జంకుతారు. యాక్సిలరేటరు చెయ్యి అటే ఉండడము దానికి ఒక కారణము. వెనుక మనిషిని ఎక్కించడము, బస్తా కట్టడము ఆ తరువాతి వారాల పని.

బయలుదేరే ముందు టైరులో గాలి చూడండి. టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో బండి మీదనే అంటించి ఉంటుంది, ఇద్దరు ఎక్కినప్పుడు వెనుక టైరుకు వేరే లెక్క ఉంటుంది. గాలి తక్కువైన ముందు టైరుతో ఎంత నేర్చినవాడైనా వలయము గీత మీద నిలువలేడు. పంక్చరు షాపువాడు చేతితో నొక్కి చాలు అంటే ఒప్పుకోకండి, మీటరు పెట్టి చూపించమనండి.